చెరకు పిప్పి గోడలు

మా ఇంట్లో ఒకరిని నమ్మడమంటే పని తెలియనితనం కింద లెక్క. మాది చిత్తూరులో బెల్లం మండీ. రైతు బండి మీద తెచ్చిన దిమ్మను నాయన పైపైన ఎప్పుడూ చూసేవాడు కాదు. నేలకేసి కొట్టి, పగిలిన చోట గోరుతో గీకి, నాలుక మీద వేసుకొని, ఆ తర్వాతే ధర మాట ఎత్తేవాడు. "పైన ఎంత పచ్చగా ఉంటే లోపల అంత ఇసక ఉంటాదిరా" అనేవాడు. నలుగురి ముందు సరుకు పగలగొట్టి చూడటం మండీలో మామూలే, రైతులు కూడా తప్పు పట్టేవారు కాదు. పాతికేళ్ళు వచ్చేసరికి నాకూ ఆ గోరు మొలిచింది.

ఎనభయ్యో దశకం మొదట్లో నాకు పాటల పిచ్చి పట్టింది. వీణ, నాదస్వరం రికార్డులు మద్రాసు నుంచి తెప్పించుకునేవాణ్ణి. వాటిని వినడానికి స్టీరియో సెట్టు కట్టిచ్చినవాడు మా వీధి చివర రేడియో మెకానిక్కు, నాకంటే ఐదారేళ్ళు పెద్ద. కట్టడానికి మూడు నెలలు పట్టింది. రోజూ మండీ మూసేశాక ఆయన అంగట్లో కూర్చొని, ఆయన టంకం పెడుతుంటే చూసేవాణ్ణి. నాకున్న ఒకే ఒక్క స్నేహితుడు ఆయన. అనుమానం మనిషికి అంతకంటే ఎక్కువమంది ఎక్కడ మిగులుతారు?

సెట్టును మిద్దె మీద గదిలో పెట్టాను. అంతకుముందు అది ఖాళీ గోతాలు వేసే గది. సిమెంటు నేల, సున్నం గోడలు. వీణ తీగ ఒకసారి మీటితే మూడుసార్లు వినిపించేది. మొదట రికార్డులు అమ్మినవాణ్ణి అనుమానించాను, తర్వాత సూదిని. మెకానిక్కు వచ్చి గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టాడు. గది ఖంగుమంది.

"సెట్టుది కాదప్పా తప్పు. గోడలు తిరగ్గొడతాండాయి. మెత్తనివి ఏమన్నా తగిలించు" అన్నాడు.

మద్రాసులో ఎవరో గోడలకు గుడ్ల అట్టలు అంటించుకున్నారని కూడా ఆయనే చెప్పాడు. మాది ఉల్లిపాయ ముక్క కూడా పండగనాడు భయపడి దాక్కునే ఇల్లు. నేను బేకరీ నుంచి తెచ్చిన నాలుగు అట్టలను అమ్మ మెట్ల దగ్గరే ఆపింది. వాటిని వాసన చూసి, అంతటితో ఆగకుండా నా నోరు కూడా వాసన చూసింది. "అట్ట వచ్చినాక గుడ్డు రాదా?" అంది. ఆ తర్వాత నెల రోజులు నేను బయటినుంచి ఎప్పుడొచ్చినా దగ్గరికొచ్చి ఊరికే పలకరించేది. ఎందుకో నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

అయితే కొబ్బరి పీచు కూరి మెత్తలు కట్టమన్నాడు మెకానిక్కు. పీచు అమ్మే అంగడి ఆయన తోడల్లుడిది. ఓహో, అదా సంగతి అనుకున్నాను. ఐరాల వైపు మాకు బెల్లం వేసే రైతు ఒకాయన గానుగ దగ్గర చెరకు పిప్పి గుట్టలుగా ఎండేది. పొయ్యిలోకి తప్ప దాంతో ఎవరికీ పని లేదు. ఊరికే వచ్చేదాంట్లో మోసం చేసేవాడు ఉండడు కదా, అదే తెప్పించాను. గోతాలు కూడా బయట కొంటే నల్లులుంటాయని మా మండీవే తీసుకున్నాను, బెల్లం అంటుకున్నవైనా సరే మనవి మనకు నమ్మకం.

రెండు నెలలు ప్రతి ఆదివారం అదే పని. సన్నటి రీపరు చెక్కలతో తలుపు రెక్కంత చట్రాలు కట్టి, ముందూ వెనకా గోతం బిగించి, మధ్యలో పిప్పి కూరి, దబ్బనంతో పురికొస వేసి కుట్టాను. మరీ గట్టిగా కూరితే చెక్కలాగా అయిపోతుంది. వదులుగా వదిలితే నాలుగు రోజుల్లో అడుక్కి జారిపోతుంది. బొంతకు వేసినట్టు అడ్డంగా కుట్లు వేస్తే గానీ నిలబడలేదు. వేళ్ళు పుండ్లు పడ్డాయి. ఒక్కో చట్రం తగిలించినప్పుడల్లా మెకానిక్కు వచ్చి చప్పట కొట్టి చూసేవాడు. పదకొండోది తగిలించాక ఆ చప్పుడు తడిగుడ్డ కింద పడినట్టు చచ్చిపోయింది. ఇద్దరం పిల్లల్లా నవ్వుకున్నాం. ఆ సాయంత్రం వీణ పెడితే తీగ మీద వేలు జారడం కూడా వినిపించింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఆ సంతోషం ఐప్పసి నెలలో, దీపావళి వానల దాకా నిలిచింది. వానలు పట్టిన వారానికి, వీణ సన్నబడి ఆగిపోయే చోట, ఎడమ స్పీకరు దగ్గర ఏదో సరసర మొదలైంది. రోజురోజుకూ ఎక్కువైంది. మెకానిక్కు సెట్టూ స్పీకరూ అంగడికి తీసుకుపోయి రెండు రోజులు ఉంచుకున్నాడు. "ఆడ బాగానే ఉండాదప్పా" అని తెచ్చి బిగించాడు. మా గదిలో మళ్ళీ అదే సరసర. ఇంకోసారి తీసుకుపోయాడు, ఇంకోసారి తెచ్చాడు.

ఆయన దగ్గర బాగుండేది నా దగ్గర ఎందుకు చెడుతోంది? మా నాయన కొడుకుకు ఈ ప్రశ్నకు ఒకటే జవాబు దొరుకుతుంది. మంచి స్పీకరు అక్కడ ఉంచుకొని, లోపలి కాగితం కోను మార్చిన పాతది నాకు అంటగట్టాడు.

మూడోసారి వచ్చినప్పుడు ఆయన గోడ వైపు తల వంచి, "ఒకపారి సెట్టు ఆపేసి విందామప్పా" అన్నాడు.

"సెట్టు ఆపితే శబ్దం యాడినుంచి వస్తాదన్నా? నన్నేమన్నా పిచ్చోణ్ణనుకుంటాండావా?" అన్నాను. ఆయన స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకొని దిగిపోయాడు. నిజంగా దొంగ కాకపోతే ఎందుకు పోతాడు అనుకున్నాను. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. దానికి మాట్లాడినా మేతే, మాట్లాడకపోయినా మేతే.

మర్నాడు పొద్దున్నే స్పీకరు పెట్టె మోసుకొని ఆయన అంగడికి పోయాను. బెంచీ మీద రేడియోలు పట్టుకొని నలుగురు కూర్చొని ఉన్నారు. వాళ్ళు ఉన్నారనే గట్టిగా అన్నాను. "మూత విప్పన్నా. లోపల ఏమేమి మార్చినావో అందరికీ చూపించు."

ఆయన నన్ను ఒక్కసారి చూశాడు. తర్వాత స్క్రూలు విప్పి, ఒక్కో భాగాన్ని స్క్రూడ్రైవరుతో తాకుతూ చెప్పాడు. "ఇది నువ్వు సూస్తాండగా ఏసిందే. ఇదీ అంతే. ఈ టంకం పెట్టినప్పుడు దీపం పట్టుకున్నది నువ్వే." గొంతు పెంచలేదు. చివరికి, "ఇంకేమి సూపించాలప్పా?" అన్నాడు. బెంచీ మీది ముసలాయన లేచి, బల్ల మీద ఉన్న తన రేడియో తీసుకొని చంకన పెట్టుకొని వెళ్ళిపోయాడు. నేను కూడా పెట్టె ఎత్తుకొని వచ్చేశాను. నాకు తప్పు చేశానని అనిపించలేదు. ఆయన గట్టివాడు, తొణకలేదు అనుకున్నాను, అంతే.

తర్వాత ఆదివారం మధ్యాహ్నం వీణ వింటుండగా కరెంటు పోయింది. రికార్డు మూలిగి ఆగిపోయింది. సరసర మాత్రం ఆగలేదు. నిక్షేపంలా సాగుతోంది.

లేచి గోడ దగ్గర చెవి పెట్టడానికి చాలాసేపు పట్టింది. పెట్టాక అనుమానించడానికి ఇంకేమీ మిగల్లేదు. కత్తితో గోతం చీల్చితే పిప్పితోపాటు నల్లచీమలు కుప్పలుగా కింద పడ్డాయి, గుడ్లు నోట కరుచుకొని. చట్రం వెనక గోడకు వానకు పడిన బీట. అందులోంచి వచ్చి తీపి మేస్తూ కాపురం పెట్టాయి. నా గది ఎంత నిశ్శబ్దంగా తయారైందంటే చీమల కాపురం వినిపించింది. చప్పుడు విని అమ్మ పైకొచ్చింది. "కోడిగుడ్డు అట్టలు వద్దంటే చీమగుడ్లు తెచ్చినావే" అంది. నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయింది.

రెండు రోజులు మిద్దె మీదికి పోలేదు. మూడో రోజు మధ్యాహ్నం, బేరాలు ఉండని వేళ చూసుకొని మెకానిక్కు అంగడికి పోయాను. ఆయన ఒక్కడే ఉన్నాడు. చీమల సంగతి చెప్పాను. తప్పు నాదే అన్నాను. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకునేవాణ్ణి.

ఆయన చేతిలోని టంకం కడ్డీ పక్కన పెట్టాడు. "ఆ మాట అన్న దినం ఈడ నలుగురుండిరి గదప్పా" అన్నాడు. "ఇప్పుడు ఎవురుండారు? ఆ దినం నుంచీ రేడియో ఇచ్చిపోయేవాడు పక్కనే నిలబడి సూస్తాండాడు. రేపు పొద్దున మనుషులుండేటప్పుడు రా. వచ్చి ఇదే మాట అను. సాలు నాకు."

తప్పకుండా వస్తానన్నాను. వచ్చాను కూడా. ఎదురుగా టీ అంగడి దాకా వచ్చాను. ఆయన బెంచీ మీద ఆరుగురున్నారు, అందులో ఇద్దరు మా మండీకి సరుకు వేసేవాళ్ళు. నేను చెప్పింది తప్పని ఒకసారి వీళ్ళ ముందు ఒప్పుకుంటే, రేపటినుంచి దిమ్మ పగలగొట్టి నేను కట్టిన ధరను ఎవడు ఒప్పుకుంటాడు అనిపించింది. కాసేపాగి వాళ్ళు పోయాక పోదామని టీ చెప్పాను. వాళ్ళు పోలేదు.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. లేచి లోపలినుంచి ఒక స్టూలు తెచ్చి, బెంచీకి ఎదురుగా వేసి, గుడ్డతో తుడిచాడు.

నేను రెండో టీ తాగి ఇంటికి వచ్చేశాను.