ఒప్పుకున్నది చాయ్‌కు

మా పీపీ మేడం పోయిందని పొద్దున ల్యాబ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. చేసింది ఆమె కూతురు. "నిద్రల్నే పోయింది అక్కా, ఎవ్వర్ని తిప్పలు పెట్టలే" అంది. నాకు నమ్మబుద్ధి కాలేదు. మొన్ననే ఫోన్‌లో గంటసేపు మాట్లాడి, మహబూబ్‌నగర్ నుంచి సీతాఫలాలు తెమ్మని హుకుం జారీ చేసిన మనిషి. పైగా ఎవరినీ తిప్పలు పెట్టకుండా పోవడం ఆమె స్వభావానికే విరుద్ధం. కోర్టులో ఎంతమందిని తిప్పలు పెట్టిందో చూసినదాన్ని నేను.

పీపీ అంటే ప్రభుత్వం తరఫున కేసు నడిపే వకీలు. ఆమె నల్గొండ కోర్టులో ఆ పనిలో ఉండగా నా కేసు ఆమె చేతికి వచ్చింది. అదేం కేసో చెప్పకుండా ఆమె గురించి చెప్పడం కుదరదు. ముఖం దాచుకోవలసింది నువ్వు కాదని ఆమే అనేది కాబట్టి చెప్తాను.

అప్పుడు నేను చౌటుప్పల్‌లో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో ఉండేదాన్ని. పరీక్ష చేయకుండా ఒక్క సీసానైనా గేటు దాటనివ్వని ఉద్యోగం. అక్కడే సూపర్‌వైజర్‌గా ఉన్న ఒకతను నన్ను పెళ్లి చేసుకుంటానన్నాడు. తనకింకా పెళ్లి కాలేదని, సంక్రాంతో దసరానో చూసుకుని ఇంట్లో మాట్లాడతానని చెప్పాడు. సీసాలను అంతగా పరీక్షించే నేను మనిషిని మాత్రం చూడకుండానే పాస్ చేశాను. ఆ నమ్మకంతోనే అతనికి అన్ని విధాలా దగ్గరయ్యాను. హాలియాలో అతనికి భార్య, కొడుకు ఉన్నారని చాలా ఆలస్యంగా తెలిసింది.

కేసు పెట్టాను గానీ, ఎవరి దగ్గరికి వెళ్లినా ఒకటే ప్రశ్న. నువ్వు ఇష్టపడే పోయినవు గదా? ఇష్టపడే వెళ్లాను, నిజమే. ఆ నిజమే నన్ను రాత్రింబవళ్లు కొరుక్కు తినేది.

మేడంను మొదటిసారి కలిసిన రోజు ఆమె బల్ల మీద రెండు ఫ్లాస్కులు ఉన్నాయి. ఒకదాంట్లో చాయ్, రెండోదాంట్లో ఆమె షుగర్‌కు కాచుకునే కషాయం. మెంతులు, కాకరకాయ, ఇంకా ఏవేవో ఆకులు. చాయ్ తాగుతవా బిడ్డా అని అడిగింది. తాగుతానన్నాను. ఆమె నా ఫైలు చదువుతూ చూడకుండా ఒక గ్లాసు నింపి ఇచ్చింది. మొదటి గుక్కకే నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా వద్దనడం మర్యాద కాదని గ్లాసు ఖాళీ చేశాను. తర్వాత తన గ్లాసులో పోసుకుని తాగితే గానీ తన వాటాకు తీయటి చాయ్ వచ్చిందని ఆమెకు తెలియలేదు. నా మొహం చూసి, ఖాళీ గ్లాసు చూసి, బల్ల మీద తల ఆనించి నవ్వింది.

"మొత్తం ఎట్ల తాగినవే? ఉమ్మెయ్యకపోయినవా?"

"తాగుతనని ఒప్పుకున్న గదా మేడం."

ఆమె నవ్వు ఆగింది. కళ్లజోడు తీసి నా వైపు చూసింది.

"నువ్వు ఒప్పుకున్నది చాయ్‌కు. కషాయానికి కాదు. గ్లాసు నీ చేతులనే ఉన్నది, తాగింది నువ్వే, అయినా కషాయానికి నువ్వు ఒప్పుకోలే. నేనంటే చూడక పోసిన. తెలిసి పోసినోణ్ని ఏమనాలె?"

చట్టం ఏమంటుందో తర్వాత తీరిగ్గా చెప్పింది. అసలు సంగతి దాచి, లేనిది ఉన్నట్టు నమ్మించి రాబట్టుకున్న ఒప్పుకోలును చట్టం ఒప్పుకోలుగా లెక్కపెట్టదని. నాకు మాత్రం అప్పటికే అర్థమైపోయింది. నాలుక మీద చేదు అలాగే ఉంది గానీ, ఎన్నో నెలల తర్వాత ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని హాయిగా నిద్రపోయాను.

అలాగని ప్రేమ చెడిన ప్రతి మగవాణ్నీ జైలుకు పంపే మనిషి కాదామె. ఒకసారి నేనుండగానే ఒక అమ్మాయి వచ్చింది. ఆమె ప్రేమించినవాడు నిజంగానే తల్లిని వెంటబెట్టుకొచ్చి పిల్లను చూపించాడు, తర్వాత ఇంట్లో గొడవైతే వెనక్కి తగ్గాడు. మేడం అంతా విని, మాట తప్పడం వేరు, తప్పుదామనుకునే మాట ఇవ్వడం వేరని చెప్పింది. మొదటి రోజు వాని మనసులో ఏముందన్నదే చూడాలంది. "వాడు పిరికోడు బిడ్డా. పిరికితనానికి సెక్షన్ లేదు. ఉంటే సగం జిల్లా జైల్ల ఉంటుండె." ఆ అమ్మాయి విసురుగా లేచి వెళ్లిపోయింది. మేడం నొచ్చుకుంది గానీ మాట మార్చలేదు.

నేను సాక్ష్యం చెప్పాల్సిన రోజు కోర్టు వరండాలోకి అతని తరఫు పెద్దమనుషులు దిగారు. వాళ్లలో ఒకాయన చేతిలో పూలదండల సంచి. నేను సాక్ష్యం తిప్పి చెప్పాలి, అతను నన్ను రెండో భార్యగా చేసుకుంటాడు, అదీ బేరం. పెద్దామె, అంటే అతని మొదటి భార్య, కూడా ఒప్పుకుందని, ఇక అడ్డేముందని మా అమ్మను పట్టుకున్నారు. ఊళ్లో తలెత్తుకుని తిరిగితే చాలని అమ్మ ఆరాటం. ఆమె మెత్తబడింది. బాపు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. నేనొక్క మాట వెనక్కి తీసుకుంటే కేసు అక్కడితో సరి, ఆ తర్వాత బతుకంతా వాడి ఇంట్లోనే. అమ్మనూ బాపునూ కాదనే ధైర్యం నాకు చాలడం లేదు.

అప్పుడు మేడం వచ్చింది. ఇలాంటి కేసులో రాజీ చెల్లదని చెప్పి వాళ్లను తరిమేస్తుందనుకున్నాను. తరమలేదు. పెద్దామె ఒప్పుకున్నదా, మంచిది, యాడున్నదని అడిగింది. నమ్మకం కుదరడానికని ఆమెను కారులో వెంటే తెచ్చారట. టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆమెను దింపుకొచ్చి మేడం తన పక్కన బెంచీ మీద కూర్చోబెట్టుకుంది.

"దేనికి ఒప్పుకున్నవ్ బిడ్డా?"

"కాలువ కింది పొలం అమ్మెతందుకు" అంది ఆమె. "ఎవ్వరడిగినా సరే అనుమన్నరు."

దండల సంచి పట్టుకున్న పెద్దాయన దాన్ని వీపు వెనక్కి తిప్పుకున్నాడు. మేడం ఏదీ దాచకుండా ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆమె డబ్బాను ఒళ్లోంచి తీసి బెంచీ మీద పెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నీకేమని చెప్పిండు?"

"పెండ్లి కాలేదన్నడు."

"నాకు నైట్ డ్యూటీ అన్నడు."

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఎందుకొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. మమ్మల్ని చూసి మా అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, లోపలికి పోయి జరిగింది చెప్పు బిడ్డా అంది.

తలుపులు మూసిన హాల్లో ఎదుటి వకీలు కూడా ఆ పాత ప్రశ్నే వేశాడు. ఇష్టపూర్వకంగానే వెళ్లారు, అవునా? "పెండ్లి కానోడని నమ్మి పోయిన సార్. అయినోడని చెప్తే గడప గూడ దాటకపోతుంటి" అన్నాను. మేడం తల వంచుకుని ఫైలు తిప్పుతోంది గానీ మొహంలో నవ్వు దాగడం లేదు. తర్వాతి వాయిదాకు హాలియా అక్క కూడా వచ్చి తన పెళ్లి సంగతి చెప్పింది. అతనికి శిక్ష పడింది.

కేసు అయిపోయినా మేడం నన్ను వదల్లేదు. హాలియా అక్కను కూడా, కషాయం కథ ఆమెకు చెప్పి మళ్లీ నవ్వింది. నా పెళ్లి కుదిరినప్పుడు పెళ్లికొడుకును ఎదురుగా కూర్చోబెట్టి ఆధార్ కార్డు అడిగింది. పెళ్లిచూపులు చూసింది నువ్వు కాదు, మీ మేడమని మా ఆయన ఇప్పటికీ అంటాడు. కొత్త చట్టంలో మోసపు పెళ్లి మాటకు విడిగా సెక్షన్ పెట్టారని తెలిసిన రోజు, అప్పటికి రిటైరైన మేడం నాకు ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించింది. సంబరపడింది, వెంటనే గొణిగింది. "సెక్షన్లు ఎన్నన్న రానీ. అడుగుడు నామర్దా కాదని ఆడివిల్లలు, అడిగితే నిజం చెప్పాలని మగపిల్లలు నేర్చుకోవాలె. అది నేర్పే సెక్షన్ ఏది?"

పదకొండో రోజు సీతాఫలాల బుట్టతో నల్గొండ వెళ్లాను. అందరికంటే ఎక్కువ ఏడుస్తున్నది నన్ను ప్రశ్నలతో వేధించిన ఆ ఎదుటి వకీలే. హాలియా అక్క అప్పటికే వచ్చి ఉంది. ఆ కాలువ కింది పొలం అమ్మనివ్వలేదు, తానే నాట్లు వేయిస్తోంది. ఇద్దరం గోడవారగా చాప మీద కూర్చున్నాం. మేడం కూతురు రెండు స్టీలు గ్లాసులు తెచ్చి, తాగున్రి అక్కా అంది.

"ఏం పోసినవ్?" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

ఇంట్లో ఉన్నవాళ్లంతా మా వైపు తిరిగారు. ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లతో ఆ పిల్ల నవ్వడం మొదలుపెట్టింది. చాయే అక్కా, ఒట్టు అంది. ఒక గుక్క తాగి చూశాం, తీయగానే ఉంది. ఆమె వెనక అలమరలో మేడం ఫ్లాస్కులు రెండూ ఉన్నాయి. నాకు పొరపాటున పోసిన రోజు నుంచి మేడం కషాయం ఫ్లాస్కు మెడకు ఎర్రదారం కట్టుకుంది. ఆ ఎర్రదారం ఫ్లాస్కు మూత తీసి ఉంది, అందులోంచి సన్నగా ఆవిరి లేస్తోంది. అది ఎవరి కోసం కాచిందో ఆ పిల్లను మేం అడగలేదు.