ఉపేంద్ర గారి నాలుగు శ్రుతి

మా పక్క ఫ్లాట్ ఉపేంద్రకి కుళ్ళు ఎక్కువ. చాటుగా చెప్పడం లేదు, అతని మొహం మీదే చాలాసార్లు అన్నాను. నవ్వేసి ఊరుకుంటాడు. విజయనగరం మనిషి. కుర్రతనంలో పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. ఇప్పుడు మాలాగే ఈ పరాయి దేశంలో, సైన్స్ పార్క్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, టాంపినీస్‌లో సొంత ఫ్లాట్, అందులో అదే హార్మోనియం. భార్య అరుణ పాడుతుంది. ఎక్కడ పాడినా పక్కన అతనే వాయించాలి. ఇంకెవరైనా ఆమె శ్రుతి పెట్టె ముట్టుకున్నా అతనికి ఒళ్ళు మండిపోతుంది.

పెళ్ళయిన కొత్తలోనే ఆమెకి శ్రుతి అతనే నిర్ణయించాడట. నాలుగు. మనవాళ్ళలో ఒకసారి శ్రుతి కుదిరిందంటే ఇక దాన్నెవరూ కదపరు, గోత్రంలాగా మనిషిని అంటిపెట్టుకునే ఉంటుంది. ఆడగొంతుకి నాలుగంటే కాస్త కిందే. కానీ శుక్రవారం పూజలో ఇద్దరూ కలిసి పాడతారు, అతని గొంతు అంతకన్నా పైకి పోదు. ఈ సంగతి ఎవరూ పట్టించుకోలేదు, అరుణతో సహా.

అరుణా నేనూ ఒక కాయిర్‌లో, అంటే బృందగానంలో, పాడతాం. మాకు పాట నేర్పేది ఉమైమా. హైదరాబాద్ పిల్ల, పాశ్చాత్య సంగీతం చదువుకుంది. ఈ ఏడాది కచేరీకి ఒక ఫ్రెంచి పాట తెచ్చింది. మన రంగస్థల నాటకం లాంటిదే వాళ్ళకీ ఒకటుంది, మాటల మధ్య పాటలు, అంతా సరదా. దాన్ని ఒపెరెట్టా అంటారట. ఈ పాటలో అనుమానపు మొగుడు తెర వెనక దాక్కుని చూస్తుంటాడు. పెళ్ళానికి ఆ సంగతి తెలుసు. తెలిసే, లేని ప్రియుణ్ణి పిలుస్తున్నట్టు పాడి అతన్ని ఉడికిస్తుంది. స్వరాలు మన శంకరాభరణానివే, నడక తకిట తకిట, మంచి జోరు.

పాట అరుణకిచ్చింది ఉమైమా. కీబోర్డ్ మాత్రం సాయి కిరణ్‌కిచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రాడు, కాగితం మీది నొటేషన్ చదివి వాయిస్తాడు. ఉపేంద్రకి అది రాదు. అయినా ఇంట్లో కూర్చోలేదు. కాగితాలు తిప్పుతానని వచ్చి ఆ కుర్రాడి పక్కనే కుర్చీ వేసుకున్నాడు. ఎప్పుడు తిప్పాలో కుర్రాడు తలూపి చెప్పాలి. ఏం ఖర్మ!

మొదటిరోజు అరుణ తన నాలుగులోనే, నెమ్మదిగా, మంగళహారతిలా పాడింది. ఉపేంద్ర కళ్ళు మూసుకుని తలాడించాడు.

"అంకుల్, అంత కింద పాడితే పాట నిద్రపోతుంది లా," అన్నాడు సాయి కిరణ్ ఇక్కడివాళ్ళ యాసలో. "రాసిన కీలో ట్రై చేద్దాం. మీ లెక్కలో ఆరు."

"ఆవిడ గొంతు నాకు తెలీదేటి? ఆరులో పాడితే రేపటికి మాట కూడా రాదు," అన్నాడు ఉపేంద్ర.

అరుణ ఆరులో పాడింది. మేమందరం నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయాం. అంత గొంతు ఇన్నేళ్ళూ ఎక్కడ దాచిందో! ఉపేంద్ర మొహం మాత్రం మాడిపోయింది.

ఉమైమాకి ఇంకా తృప్తి లేదు. "అరుణక్కా, ఆమెకు కోపం లేదు, ఏడుపు లేదు. మొగుడు చూస్తుండని తెలిసి నవ్వుతది. ఆ నవ్వేదీ?" అంది. ఎంత చెప్పినా అరుణకి ఆ నవ్వు రాలేదు. పాపం, బుద్ధిగా పాడేది.

తిరిగొస్తుంటే ట్రైన్‌లో ఉపేంద్ర నా పక్కకి చేరాడు. "కమల గారూ, ఆ కుర్రాడు ఆవిడ కేసి చూసి తలాడించడం చూశారా?"

"తాళం కోసమయ్యా. వాడిది నీకు కొడుకయ్యే వయసు."

"తాళం నాను ఇవ్వలేనేటి?"

కచేరీ టోవా పాయో అనే పేటలో ఒక చిన్న హాల్లో. మా వంతు వచ్చింది, చప్పట్లు కొడుతున్నారు. సాయి కిరణ్ కాగితాలు సర్దుకుంటున్నాడు. పాట మొత్తాన్ని పైకీ కిందికీ జరిపే బటన్ ఒకటి ఆ కీబోర్డుకి ఉంది. ఉపేంద్ర చెయ్యి దాని మీదికి పోవడం వెనక వరసలోంచి నేను చూశాను. అరిచేలోపే పాట మొదలైపోయింది.

కుర్రాడు ఉలిక్కిపడ్డాడు గాని చేతులు ఆపలేదు. అరుణ ఒక్క ముక్క పాడి ఆగిపోయింది. సాయి కిరణ్ వైపు చూడనే లేదు, తిన్నగా మొగుడి వైపే చూసింది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ పాడుతున్న శ్రుతి అది, ఆమెకి తెలియదా?

మెల్లగా నడిచి వెళ్ళి, తనే బటన్ నొక్కి ఆరుకి తెచ్చింది. మైకు దగ్గరికొచ్చి, "క్షమించండి, మా ఇంటి శ్రుతి ఇక్కడికీ వచ్చేసింది," అంది. హాలంతా నవ్వు.

అప్పుడు పాడింది తల్లీ! పాటంతా ఉపేంద్ర కళ్ళలోకి చూస్తూ, తకిట తకిట ఉరకలు వేస్తూ, నవ్వుతూ పాడింది. ఉమైమా నేర్పలేని నవ్వు దానంతటదే వచ్చింది. కాగితం తిప్పాలన్న ధ్యాస కూడా ఉపేంద్రకి లేదు. కుర్రాడే తిప్పుకున్నాడు.

ఆ శుక్రవారం పూజకి వాళ్ళింటికి వెళ్ళాను. ఉపేంద్ర అలవాటుగా శ్రుతి పెట్టె నాలుగులో పెట్టాడు. అరుణ ఆరుకి తిప్పి పాట ఎత్తుకుంది. అతను గొంతు కలిపాడు. రెండో చరణానికి గొంతు జీరబోయింది.

"అరుణా, నాను అందుకోలేకపోతన్నాను."

"తెలుసండీ. మీరు వాయించండి," అని ఆమె పాడుతూనే ఉంది.

వాయించాడు. పూజలో పక్కన తన గొంతు లేకుండా ఆమె పాట అతను వినడం అదే మొదలు. హారతి అయ్యాక ప్రసాదం నా చేతిలో పెడుతూ గొణిగాడు.

"ఈ గొంతు ఆ కుర్రాడికి నాకన్నా ముందు తెలిసిపోనాది కమల గారూ."

ఎప్పుడూ అతనికి ఏదో ఒకటి అంటించే నేను ఆ రోజు ఇంకొంచెం ప్రసాదం అడిగి పెట్టించుకున్నాను.