దేవుడి జుట్టుకు దొరికిన గిన్నె

దేవుడి సొమ్ము కాజేసిన వాళ్లను మీరు చూసి ఉంటారు. దేవుడి సొమ్మును ఇంటి ముందు నిలబడి, గట్టిగా బేరమాడి, స్టీలు గిన్నెకు ఇచ్చేసిన మనిషిని మాత్రం చూసి ఉండరు. ఇదిగో, నేనే. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, జర నిమ్మళంగా కూర్చోండి. నాకు రాయడం సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా బిడ్డ లావణ్య రాస్తోంది. రాస్తూ మధ్యమధ్యలో నవ్వుతోంది. నవ్వనీయండి, ఆ రోజు ఏడ్చింది.

రెండేళ్ల కిందటి మాట. కోకాపేటలో ఒక అద్దాల ఆఫీసులో అంతస్తులు తుడిచేదాన్ని. మా ఆయన మేస్త్రీ, పోయి చాలా కాలమైంది. నేనూ లావణ్యా నల్లగండ్లలో పెద్ద అపార్ట్‌మెంట్ల వెనక గల్లీలో కిరాయికి ఉంటాం. రొమ్ములో గడ్డ తీశాక దవాఖానలో కీమో పెట్టాలన్నారు. కీమో అంటే సెలైన్‌కు చుట్టం అనుకున్నాను. తీరా చూస్తే ఆ మందు పెళ్లిలో పోసే షర్బత్‌లా ఎర్రగా ఉంది. ఆ సాయంత్రం బాత్రూంలోంచి నేను పెట్టిన కేకకు పై వాటా వాళ్లు కూడా కిందికి దిగారు.

"బిడ్డా, నెత్తురే! అంతా నెత్తురే! ఇగ నేను పోయిన!"

"అమ్మా, ఒంటేలుల వచ్చింది మందు రంగే! నర్సక్క ముందే చెప్పింది కదనే!"

"చెప్తే చెప్పింది. గింత ఎర్రగుంటదని చెప్పిందా?"

అది మొదలు. తర్వాత నోట్లో ఎప్పుడూ తాళంచెవి పెట్టుకున్నట్టు ఇనుప రుచి. పక్కింట్లో పోపు వేస్తే ఇక్కడ నా కడుపు గొంతులోకి దూకేది. నాకిష్టమైన చింతపండు చారు కూడా నన్ను చూసి మొహం తిప్పుకుంది. ఇక జుట్టు కూడా పోతుందని నర్సమ్మ చెప్పినప్పుడు, మామూలు మనుషులకైతే భయం పుడుతుంది. నాకు తెలివి పుట్టింది.

గుట్ట మీది నరసింహస్వామికి మొక్కాను. "స్వామీ, నన్ను బతికించు. మందులన్నీ అయినంక నా తలనీలాలు నీకే."

చూశారా బేరం? ఎలాగూ పోయే జుట్టు. దాన్ని ఇచ్చి ప్రాణం తెచ్చుకుంటున్నాను. మా ఆఫీసులో మెడకు కార్డులు వేసుకున్న సార్లకు కూడా ఇంత లాభం ఎన్నడూ తట్టి ఉండదు. స్వామికి కీమో సంగతి తెలియదని నా ధీమా.

ఆయనకు తెలుసు. రెండో మందు ఎక్కించకముందే, ఒక పొద్దున లేచి చూస్తే దిండు మీద నల్లపిల్లి పడుకుని ఉంది. "హుష్" అన్నాను. కదల్లేదు. చేత్తో తోశాను. పిల్లి రెండు ముక్కలైంది. నా జుట్టు! మోకాళ్లను తాకే జుట్టు!

తేరుకున్నాక అసలు భయం పట్టుకుంది. దేవుడికిచ్చిన మాట దిండు మీద రాలిపోయింది. మొక్కు తప్పితే ఆయన నన్నెందుకు బతికిస్తాడు? రాలినదంతా వెంట్రుక వదలకుండా ఏరి, బట్టల షాపు కవర్లో పెట్టి, కిటికీ మేకుకు తగిలించాను. ఒక్కటి మరిచాను. మా ఇళ్లల్లో ఆడవాళ్లం దువ్వెనకు వచ్చిన చిక్కు పారేయం. చుట్టచుట్టి దాచి, చిక్కువెంట్రుకల వాడు వచ్చినప్పుడు ఇచ్చి గిన్నెలు తీసుకుంటాం. ఆ పాత చిక్కు కవరు కూడా ఆ మేకుకే ఉంది. అదీ ఆ షాపుదే.

వాడు రానే వచ్చాడు. మోపెడ్ మీద మైకు. "చిక్కెంటికలకు గిన్నెలూ..." వాంతుల మాత్ర మింగి మత్తుగా పడుకున్న దాన్ని, ఆ కేక వినగానే చేయి దానంతటదే కవరు అందుకుంది. గుమ్మంలోకి వెళ్లాను. తలకు స్కార్ఫు, కంటికి చీకట్లు, నోటికి మాత్రం ఏ రోగమూ లేదు.

"గింత బరువుకు గీ చిన్న గిన్నెనా? ఆ అంచులున్నది తియ్ తమ్మీ!"

"అక్కా, గింత పొడుగు ఎంటికలు ఈ గల్లీల ఎన్నడు దొరకలే. ఎవరివి?"

"ఎవరివైతే నీకేంది? గిన్నె తియ్!"

"తీస్కో. నువ్వే గెలిచినవ్."

గెలిచానట! గర్వంగా లోపలికొచ్చాను. కాసేపటికి కడుపు తిప్పింది. చేతికి అందిన గిన్నెలో కక్కాను. అప్పుడే లావణ్య మందుల షాపులో డ్యూటీ దిగి వచ్చింది.

"కొత్త గిన్నె ఏడికెల్లి వచ్చిందే?"

"చిక్కెంటికలు ఇచ్చిన."

అది కిటికీ వైపు చూసింది. "చిక్కు కవరు గీడనే ఉన్నది కదనే అమ్మా."

ఇద్దరం కిటికీని చూశాం. తర్వాత ఇద్దరం గిన్నెలోకి చూశాం. దేవుడి జుట్టుకు వచ్చిన గిన్నె. అందులో నా పొద్దుటి ఇడ్లీ.

"అయిపోయింది బిడ్డా. ఇగ స్వామి నన్ను బతకనియ్యడు," అన్నాను. నవ్వులాటకు కాదు, నిజంగానే అన్నాను. లావణ్య ఏడుపు మొదలుపెట్టింది అప్పుడే. ఏడుస్తూనే ఆటో పిలిచింది.

గల్లీ గల్లీ తిరిగాం. ప్రతి గుంతకూ నా పేగులు లెక్క చెప్పాయి. చివరికి ఒక పెద్ద అపార్ట్‌మెంట్ గేటు ముందు మైకు వినిపించింది. వాచ్‌మన్ వాణ్ణి వెళ్లగొడుతున్నాడు. నేను ఆటో ఆగకముందే దూకబోయాను, లావణ్య కొంగు పట్టుకుంది.

"తమ్మీ, నా ఎంటికలు నాకియ్! నీ గిన్నె కడిగి ఇస్త!"

కడగడం ఎందుకో వాడికి చెప్పలేదు. వాడు బిత్తరపోయి సంచి మూతి విప్పాడు. "నీది ఏదో నువ్వే తీస్కో."

లోపల నల్లగండ్ల ఆడవాళ్లంతా కలిసి ఉన్నారు. నల్లవి, తెల్లవి, గోరింటాకువి, పార్లరులో రంగేసినవి. మోచేతుల దాకా దించి దేవులాడాను. వంగినప్పుడు స్కార్ఫు జారి సంచిలోనే పడింది. అక్కడక్కడ నాలుగు పోచలున్న నా గుండు ఎండలో బయటపడింది. వాచ్‌మన్ చేతిలోని కర్ర కిందికి దిగింది.

"అక్కా... గవి నీ తలవేనా?"

అంతా చెప్పేశాను. గడ్డ, కీమో, మొక్కు, పిల్లి. వాడు మైకు ఆపి విన్నాడు.

"ఫికర్ చెయ్యకక్కా. రాలినయి దేవునికి నడవయ్. తల మీదికెల్లి కత్తితోని తీస్తెనే మొక్కు తీరుతది."

"తల మీద ఏమున్నయిరా ఇంక?"

"మొలుస్తయి. మొలిచినంక పో."

"మొలవకుంటే?"

వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "గట్లెట్ల మొలవయక్కా? ఆయనకు రావాల్సినయి ఆయన మొలిపించుకోడా?"

నిజమే కదా! జుట్టు మొలవాలంటే తల ఉండాలి. తల ఉండాలంటే కింద నేనుండాలి. లావణ్య ఏడుపు సగంలో ఆపి నవ్వడం మొదలుపెట్టింది.

రాలిన జుట్టు వాడి సంచిలోనే పోయింది, గిన్నె మా ఇంట్లోనే ఉండిపోయింది. మిగతా మందులన్నింటికీ రాత్రీ పగలూ అదే నాకు తోడు. జుట్టు మొలిచింది. అదీ ఉంగరాలు ఉంగరాలుగా, పసిపిల్లకు వచ్చినట్టు. అద్దంలో చూసుకుని మురిసిపోయి, స్వామి మనసు మార్చుకుంటాడేమోనని కొన్నాళ్లు ఆగాను కూడా. మొన్ననే గుట్టకు పోయి ఇచ్చి వచ్చాను. కత్తి పట్టినాయన, "మంచి జుట్టమ్మా, బాగ పెంచినవ్" అన్నాడు.

"నేనెక్కడ పెంచిన? ఆయనే పెంచుకున్నడు. నేను మోసిన, అంతే," అన్నాను.

కాబట్టి, గుండు మీద చేయి వేసుకుని అందరి ముందూ చెబుతున్నాను. పోయేదాన్ని చూపించి దేవుడితో ఇక బేరమాడను. ఒకవేళ నోరాగక ఆడినా, కవరు విప్పి చూడకుండా ఎవరి చేతికీ ఇవ్వను. ఆ గిన్నె సాక్షి. మీరు మా ఇంటికి తప్పక రండి. భయపడకండి, టీ వేరే గిన్నెలో పెడతాను.