ప్రార్థన అయ్యేలోపు రెండు పొంగులు

1986 జూలై 13, ఆదివారం ఉదయం. చిలకలగూడలో మేము అద్దెకున్న ఇల్లు. ఉన్నవారు: నాన్న, నా భార్య, మా ఐదేళ్ళ అమ్మాయి, నేను, పాలాయన, ఆయన గేదె. డైరీలో ఎవరెవరున్నారో రాయడం నా అలవాటు. ఆ రోజు గేదెను వదిలేస్తే అన్యాయమనిపించింది.

పాలాయన గేదెను తోలుకొచ్చి, ఇంటి ముందే పితికి పోసేవాడు. నీళ్ళు కలిపే అనుమానం ఉండకూడదని నాన్న చేసుకున్న ఏర్పాటది. తన గ్లాసులోకి నేరుగా పితికించుకుని, పచ్చిపాలు నురుగుతోనే తాగేవారు. ముందు ప్రార్థన. మంచినీళ్ళయినా ప్రార్థన చేయనిదే ముట్టేవారు కాదు.

అమ్మాయి టైఫాయిడ్ నుంచి అప్పుడే లేచింది. గౌను భుజాల మీంచి జారిపోతోంది. ఆ ఉదయం నాన్న రెండో గ్లాసు కూడా పట్టించారు.

"ఇది నా మనవరాలికి. కాస్తే బలమంతా పోతుంది."

నా భార్య ఆ గ్లాసు మెల్లగా అందుకుంది. "కాచే ఇస్తాను మామయ్యగారూ. ఇంకో జబ్బు వస్తే తట్టుకునే ఓపిక దానికి లేదు."

"కళ్ళ ముందు పితికిన పాలమ్మా."

"నీళ్ళు కలపలేదని కళ్ళకు తెలుస్తుంది. పొదుగుకు ఏం అంటిందో, గేదెకు ఏ జబ్బుందో ఎలా తెలుస్తుంది?"

పాలాయన తలెత్తాడు. "ఏందమ్మా, నా బర్రెకు బీమారీ అంటున్నవా? నాకంటె మంచిగ తింటది అది."

"నీ బర్రెను అనలేదయ్యా. ఎవరి బర్రె పాలయినా కాచే తాగాలి."

నాన్న ముఖం ముడుచుకుంది. "నా ప్రార్థన మీద నమ్మకం లేదా అమ్మాయ్?"

"ఉంది. మీరు మొదలుపెట్టండి, నేను స్టవ్ వెలిగిస్తాను. మీ ప్రార్థన అయ్యేలోపు రెండు పొంగులొస్తాయి."

పాలాయన నవ్వు దాచుకోవడానికి గేదె చాటుకు జరిగాడు. నాన్న ప్రార్థనల పొడవు మా చర్చి సంఘంలో అందరికీ తెలిసిందే. ఆయన "రెండు రావు, ఒకటే," అని కళ్ళు మూసుకున్నారు.

ఆ ప్రార్థన రోగులను, ప్రయాణికులను, పాలాయనను, గేదెను దాటుకుని మనవరాలి దగ్గరికి వచ్చేసరికి పాలు రెండుసార్లు పొంగి, కాసేపు మరిగి, స్టవ్ మీంచి దిగిపోయాయి కూడా. చల్లార్చి ఇస్తే అమ్మాయి మూతి ముడిచింది. "తాతయ్య పాలలా నురుగు లేదు."

నా భార్య రెండు గ్లాసులు తీసుకుని, చెయ్యి పైకెత్తి తిరగబోసింది. నురుగు అంచుదాకా లేచింది. అమ్మాయి తాగి, తెల్లటి మీసంతో తాతయ్య వైపు చూసింది. నాన్న గ్లాసులో నురుగు ఎప్పుడో అణిగిపోయింది. ఆయన ఆ పాలు తాగకుండా తీసుకెళ్ళి వంటింట్లో పెట్టి వచ్చారు.

మరునాటి ఉదయం నాన్న పాలగిన్నె తనే తెచ్చి స్టవ్ మీద పెట్టించారు. పక్కనే నిలబడి ప్రార్థన మొదలుపెట్టారు. సగంలో కళ్ళు తెరవకుండానే, "అమ్మాయ్, పొంగుతున్నట్టుంది, మంట తగ్గించు," అని, ఆపిన చోటి నుంచి కొనసాగించారు.