ఎనభైకీ ఎనభై ఒకటికీ మధ్య

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా పెన్సిల్‌తో, అదీ పేజీ మూలన, 482 అని మాత్రమే రాసుకున్నాను. (మా అమ్మ నా డైరీ చదువుతుందని నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకు తెలియదు.) ఆ రోజుల్లో నాకు మనుషులతో మాట్లాడడం కంటే కాగితంతో మాట్లాడడం సులువుగా ఉండేది. అందుకే డిగ్రీ కాగానే మైదుకూరులో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగం దొరికితే, మనుషులతో పనిలేని కొలువు అనుకుని సంబరపడ్డాను.

మా కరెస్పాండెంటు సారు తాతల నాటి బట్టల వ్యాపారం వదలకుండానే బడి పెట్టిన మనిషి. పక్క వీధి బడిలో గ్రేడ్లు ఇస్తున్నారని తెలిసి, ఆయన హైదరాబాదు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ సీడీ తెప్పించారు. మార్కులు ఎక్కిస్తే సరాసరి అదే కడుతుంది, గ్రేడు అదే వేస్తుంది, అచ్చు అదే తీస్తుంది. కాకపోతే ఎంత నుంచి ఎంత దాకా ఏ గ్రేడో మొదట మనం చెప్పాలి. అది సారు షాపు బిల్లు వెనక రాసిచ్చారు: 91 నుంచి 100 ఎ ప్లస్, 81 నుంచి 90 ఎ, 71 నుంచి 80 బి ప్లస్, అలా కిందికి. ఎనభైకీ ఎనభై ఒకటికీ మధ్య సరాసరి వచ్చిన పిల్లల గతేమిటని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. అడుగుదామని మూడుసార్లు ఆయన గది గడప దాకా వెళ్లి, మూడుసార్లూ ఫ్యాను గాలికి ఎగిరిన కాగితాలు సర్దినట్టు నటించి వచ్చేశాను. డైరీలో మాత్రం ఆ అనుమానాన్ని చక్కని వాక్యాలతో రాసుకున్నాను. బతుకంతా మీటర్లు, అరమీటర్లు, జానెడు ముక్కలు కోసి అమ్మిన మనిషికి అంకెకూ అంకెకూ మధ్య ఏదో ఉంటుందని తట్టకపోవడం ఆశ్చర్యమే. తట్టిన మనిషి నోరు విప్పకపోవడం అంతకన్నా ఆశ్చర్యం.

ఏడో తరగతి ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చే రోజు పొద్దున నలభై రెండు కార్డులు అచ్చయ్యాయి. సారు చూడకుండానే సంతకాలు పెట్టేశారు. తీరా నేను చూస్తే తొమ్మిదింటిలో గ్రేడు గడి ఖాళీ. సరిచేసి మళ్లీ తీద్దామని కూర్చునేసరికి కరెంటు పోయింది. (ఎండాకాలంలో మా కరెంటు చెప్పి పోదు, చెప్పి రాదు.) అప్పటికే తల్లిదండ్రులు వచ్చి వరండాలో బెంచీల మీద కూర్చున్నారు. ఎవరూ గమనించకూడదని మొక్కుకుంటూ కార్డులు పంచడం మొదలుపెట్టాను.

నా మొక్కు కొంతవరకు ఫలించింది. చదువుకున్న వాళ్లందరి చూపూ లెక్కల మార్కు దగ్గరే ఆగిపోయింది. గడి ఖాళీగా ఉందని కనిపెట్టింది చదవడం రాని ఒక్క మనిషి. బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని ఆయనకు, కనుబొమల మీద కూడా బండ పొడి. మా బడి ఏడో తరగతితో సరి. ఎ గ్రేడు వస్తే కూతురిని కడప హాస్టల్లో ఉంచి ఎనిమిది చదివిస్తానని, లేకుంటే తన వెంట పనికి తీసుకుపోతానని ఆయన మాటట. ఎ అక్షరం ఎలా ఉంటుందో ఆ పిల్లే తండ్రికి నేర్పింది. ఆయన కార్డును దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి పెట్టుకుని వెతికాడు.

"గుడారం మాదిరి ఉంటాదని చెప్పిందమ్మా మా పాప. పైన ఇంగ్లీషు పేర్లల్లో శానా గుడారాలు ఉండాయి గానీ, ఈ గడిలో ఏమీ ల్యాదే?"

పిల్ల గోడకు ఆనుకుని నా చేతివంకే చూస్తోంది. ఆమె మొత్తం ఆరు వందలకు 482. సరాసరి ఎనభై పాయింట్ మూడు మూడు. ఎనభైన్నర ఉంటే పైకి జరిపి ఎ వేయొచ్చు. ఆ అర అందడానికి ఒక్క మార్కు తక్కువ. న్యాయంగా బి ప్లస్. నేను పెన్ను తీసి గుడారం వేశాను. మిగిలిన ఎనిమిది గడులనూ అరను బట్టి న్యాయంగానే నింపాను. నా దగ్గరున్న ధైర్యం ఒక అన్యాయానికే సరిపోయింది.

అంతలో సారు వచ్చి, ఈ తొమ్మిదింటికీ చేతిరాత ఏంటికమ్మా అని అడిగారు. నేను మళ్లీ కాగితాలు సర్దడం మొదలుపెట్టాను. దానికి ఆయనే ఒక అర్థం చెప్పుకుని, వరండా వైపు తిరిగి, ఈ తొమ్మిదిమందికీ ప్రత్యేకంగా ఆలోచించి గ్రేడు వేసినామని ప్రకటించారు. దాంతో మిగతా ముప్పై మూడు ఇళ్ల వాళ్లకూ కోపం వచ్చింది. మా పిల్లలకు మిషనుతో వేయించి, వాళ్లకు మాత్రం మనిషితో వేయిస్తారా అని ఎ ప్లస్ వాళ్లు కూడా నిలదీశారు. మరుసటి ఏడాది నుంచి సాఫ్ట్‌వేర్ అన్ని కార్డులూ గడి ఖాళీగా వదిలి అచ్చు తీసేది, బడిలో ఉన్న ప్రతి పిల్లకూ పిల్లవాడికీ గ్రేడు నేను చేత్తో రాసేదాన్ని. పక్క వీధి బడి మీద గెలిచామని సారు మురిసిపోయేవారు.

ఆ మూడు గీతలు గీసిన అమ్మాయిని, అంటే అప్పటి నన్ను, తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ లెక్క లోకంలో తనకొక్కదానికే తెలుసనుకుంది, పాపం. ఆ జూన్ నెలలోనే టీసీ కోసం తండ్రితో వచ్చిన ఆ పిల్ల, ఆయన బయట ఆటో పిలుస్తుండగా నా బల్ల మీదికి వంగి, నా గొంతు కన్నా చిన్న గొంతుతో చెప్పింది:

"నాలుగు వందల ఎనభై మూడు ఉండల్ల మేడం. నేనూ కూడుకున్యా. మా నాయనకు చెప్పల్యా. మీరు గూడా చెప్పొద్దండి."