గుప్పెడు తక్కువ అన్నం

పెళ్ళయిన కొత్తలో నాకు ప్రపంచం మీద ఒకే ఒక్క ఫిర్యాదు ఉండేది. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి గిన్నె అడుగు కనిపించేది. బందరు కాలేజీ హాస్టల్లో నాలుగేళ్ళు పెరిగిన కడుపు నాది. దాని అలవాట్లు దానికున్నాయి. గుడివాడలో మేష్టరు ఉద్యోగం, చుట్టూ కనుచూపు మేర వరిచేలు, అయినా రోజూ చివరి ముద్ద దగ్గర కరువు.

కారణం వంటింట్లో పొయ్యి పక్కనే ఉండేది. చిన్న మట్టి ముంత. మా ఆవిడది దివిసీమ. ట్రంకుపెట్టెతో పాటు ఆ ముంతనీ తెచ్చుకుంది. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి అందులో వేసేది. వేస్తూ ఒక్క క్షణం కళ్ళు మూసుకునేది. ఆదివారం ఆ బియ్యం చర్చికి వెళ్ళేవి. వాళ్ళమ్మా అలాగే చేసేదట.

"మరో గుప్పెడు ఎక్కువ కొలిచి, అందులోంచి తియ్యొచ్చుగా?" అన్నాను.

"అప్పుడది ఇచ్చినట్టెలా అవుతుందండీ? మిగిలింది పారేసినట్టవుతుంది."

"పోనీ, కళ్ళు మూసుకుని ఏం అడుగుతావు?"

"అడిగేది మిమ్మల్ని కాదుగా."

తర్కశాస్త్రం చదివినవాణ్ణి. ఓడిపోయిన వాదనని గుర్తుపట్టగలను. ఊరుకున్నాను.

ఏడేళ్ళు ఊరుకున్నాక, మమ్మల్ని చూడ్డానికి వచ్చిన మా అత్తగారు చేపల పులుసు వడ్డిస్తూ ఆ సంగతి కాస్తా బయటపెట్టేసింది.

"మీరు నోరు తెరిచి ప్రార్థన చెయ్యాలనే బాబూ. ఇంకేం అడుగుతుంది, పిచ్చిది!"

మా ఆవిడ గరిటె వదిలేసి పెరట్లోకి వెళ్ళిపోయింది.

కాలేజీలో వక్తృత్వపు పోటీల్లో కప్పులు గెలిచాను నేను. ఏ పక్షం ఇచ్చినా మాట్లాడేవాణ్ణి. దేవుడి ముందు మాత్రం నాలుక అంటుకుపోయేది; అక్కడ ఓడించడానికి అవతలి పక్షం లేదు మరి. అందుకే మా ఇంట్లో ప్రార్థన కూటం వంతు వచ్చిన ప్రతిసారీ నాకు బంటుమిల్లిలో పని పడేది. బంటుమిల్లిలో నాకెవరూ తెలియదు.

ఆ శుక్రవారం సాయంత్రం కూటం మా ఇంట్లోనే. అత్తగారు ఉండగా బంటుమిల్లి కుదరలేదు. చాపలు పరిచాం, జనం వచ్చారు, పాటలయ్యాయి. పాస్టరు గారు మాత్రం ముదినేపల్లి దగ్గర సైకిలు టైరు పేలి ఆగిపోయారని కబురొచ్చింది.

"ఇంటాయన ఉన్నారుగా, ఆయనే చేస్తారు," అందో పెద్దావిడ. అందరూ కళ్ళు మూసుకున్నారు.

జారుకోవడానికి అంతకంటే మంచి అదను దొరకదు. గుమ్మం వైపు చూడబోయి మా ఆవిడ వైపు చూశాను. కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. ఒళ్ళో కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది, అందులో బియ్యం ఉన్నట్టే.

లేచి నిలబడ్డాను.

"ప్రభువా, మా ఇంట్లో అన్నం సరిపోతోంది. సరిపోవట్లేదని ఏడేళ్ళు లోలోపల సణిగాను, క్షమించు. గుప్పెడు తీసిన ఆ చేతిని..." ఆ పిడికిలి వైపు మరోసారి చూశాను. "ఆ చేతిని నాకిచ్చినందుకు వందనాలు. ఆమేన్."

అంత తొందరగా అయిపోతుందని ఎవరూ అనుకోలేదు. వాళ్ళ ఆమేన్‌లు కాస్త ఆలస్యంగా, ఒక్కొక్కటే వచ్చాయి. మా ఆవిడ ఏడుస్తూనే నవ్వుతూ, అందరి టీలోనూ పంచదార రెండుసార్లు వేసింది. అందరూ కప్పులు ఖాళీ చేశారు. నాకైతే అంత మంచి టీ మళ్ళీ దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే హుషారుగా వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఎసరు మరుగుతోంది. ఆవిడ గుప్పెడు బియ్యం తీసింది, కళ్ళు మూసుకుంది, ముంతలో వేసింది.

"అదేమిటి? అడిగింది దొరికిందిగా! ఇంకా ఎందుకు?"

ఆవిడ నవ్వి, మిగతా బియ్యం ఎసట్లో పోసింది. పక్కనే చింతపండులో పిక్కలు తీస్తున్న అత్తగారు తలైనా ఎత్తలేదు.

"ఒక్కసారి నోరు తెరిచారు బాబూ. రేపు తెరుస్తారని నమ్మకమేంటి?"