తలుపు చెక్క మీద దర్జీ దశరథం

ఆత్మకూర్ బజార్ల దర్జీ దశరథానికి నలభై ఏండ్లొచ్చినా ఒక్క పిచ్చి పోలేదు. ఏటా కృష్ణకు కొత్త నీళ్లు రాంగనే, కూలిపోయిన పాతింటి తలుపు చెక్కను బండి మీదేసుకొని ఏటికి పోయేటోడు. రాళ్ల నడుమ నీళ్లు ఎగిరి దుంకే జాగల చెక్క మీద బోర్లా పండుకొని, చేతులతోని నీళ్లు నూకి, అల లేసే యాళ్లకు ఒక్క దుంకున లేసి నిలబడేటోడు. నిలబడేది పది గజాలే. గా పది గజాల ముచ్చట ఏడాదంతా చెప్పేటోడు.

1958ల మాత్రం చెక్క కన్న ముందు ఆయనే ఒడ్డుకొచ్చిండు. కుడి భుజం జారింది. దవాఖానల సరిచేసి గుడ్డ కట్టి పంపిన్రు. నెల దినాలు కత్తెర పట్టలేదు.

"ఏటికి పోయి చాపలు తెచ్చెటోళ్లను చూసిన గని, జారిన రెక్క తెచ్చెటోన్ని నిన్నే చూసినయ్యా," అన్నది భార్య భద్రమ్మ, అన్నం కలిపి ఆయన నోట్ల పెట్టుకుంట.

భుజం కుదురుకున్నంక, తాలీంల కుస్తీ నేర్పే బషీర్ వస్తాద్ కాడికి పోయిండు. బషీర్ ఆయన చుట్టూ ఒక తిరుగుడు తిరిగి చూసిండు.

"దర్జీ సాబ్, పదకొండు నెలలు మిషన్ మీద వంగి కూసుంటవ్. పన్నెండో నెల పహిల్వాన్ లెక్క ఏట్ల దుంకుతవ్. ఒళ్లు ఒప్పుకుంటదా?"

"మరేం చెయ్యమంటవ్ వస్తాద్?"

"రోజూ దండాలు, బైఠక్‌లు తియ్యి. నీళ్లల్ల దిగే ముందు భుజాలు, నడుం తిప్పి ఒళ్లు వేడి చేసుకో. అలిసినంక 'ఇంకొక్కసారి' అనకు. పడేటప్పుడు తల ముందు పెట్టకు. చేతులు తలకు అడ్డం పెట్టుకొని ఎల్లెలుకల పడు."

పడుడు గూడ నేర్చుకోవాలె గద! గుడ్డలు కత్తిరించే బల్ల మీదనే మొదలువెట్టిండు. ఒకనాడు అజీజా బేగం, కొడుక్కు కుట్టనిచ్చిన షేర్వాణీ అడుగుదామని దుకాణానికొచ్చింది. బల్ల మీద దర్జీ బోర్లా పండి ఈదుతాండు. ఆమె చూస్తుండంగనే ఎగిరి నిలబడ్డడు. "యా అల్లా" అనేలోపే గుడ్డల కుప్పల పడ్డడు.

కుప్పలకెల్లి మొకం బయటపెట్టి, "ఫికర్ చెయ్యకున్రి బేగం సాబ్, షేర్వాణీకి గుండీలు కుట్టుడే మిగిలింది," అన్నడు.

షేర్వాణీకి కొడుకే వచ్చిండు. అదీ గడప అవుతల నిలబడే తీసుకపోయిండు.

మరుసటేడు నీళ్లొచ్చినయ్. దశరథం ఒడ్డు మీద దండాలు తీస్తుంటే జనం పొట్ట పట్టుకొని నవ్విన్రు. ఆయన చెమట తుడుసుకొని చెక్క ఎక్కిండు. పది గజాలు దాటింది, ఇరవై దాటింది, ముప్పై కాడ చెక్క తిరగబడింది. చేతులు తలకు అడ్డం పెట్టుకొని పడ్డడు. చెక్క ఆయన మీదికెల్లి పోయింది. ఒంటి మీద గీత పడకుంట లేసిండు.

ఒడ్డు మీద నిలబడి అది చూసిన బషీర్‌కు ఆగబుద్ధి కాలేదు. అంగీ ఇడిసి దిగిండు.

"వస్తాద్, జర ఒళ్లు వేడి చేసుకో!" అని దశరథం ఒర్లిండు.

"నాకెందుకు భాయ్? వస్తాద్‌ను!"

మోకాళ్లలోతు పోంగనే పిక్క పట్టేసింది. అంత పెద్ద పహిల్వాన్ "అమ్మీ" అని కూలబడ్డడు. దశరథం ఆయన్ని చెక్క మీద పండవెట్టి ఒడ్డుకు నూకిండు.

మరుసటేటి సంది ఒడ్డు మీద దండాలు తీసేటోళ్లు నలుగురైన్రు. ముందట బషీరే. దశరథం యాభై ఏండ్ల దాక చెక్క ఎక్కి, మోకాళ్లు వద్దన్నంక మానుకున్నడు. గా ఏడు నీళ్లొచ్చిన పొద్దు భద్రమ్మనే కొత్త చీర కట్టుకొని వాకిట్ల నిలబడ్డది.

"ఉత్తగ చూసొద్దాం పా," అన్నది.